అవ్వ నాటి సంక్రాంతి, మన పిల్లల సంక్రాంతి



"పండుగ ఎప్పుడూ ఇలాగే ఉండేదా?" అని రెండవ తరగతి బిడ్డ అడిగితే మనమేమి చెబుతాము? "అనాదిగా ఇంతే" అని దాటవేస్తాము. ఆ ప్రశ్నయే చరిత్ర పాఠానికి తొలిమెట్టు అని మరచిపోతాము. పోచంపల్లి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల తెలుగు పిల్లలకు ఈ పాఠం చెప్పుటకు సంక్రాంతి చాలును.

మొదట తేదీని చూపండి. స్వామి వివేకానందులు జన్మించిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి దినము. నేడు అదే పండుగ జనవరి 14న గాని 15న గాని వచ్చుచున్నది. మన పంచాంగము నక్షత్రాలను బట్టి, ఇంగ్లీషు క్యాలెండరు ఋతువులను బట్టి నడుస్తాయి. రెండింటి నడుమ సుమారు 70 ఏండ్లకు ఒక దినము తేడా వస్తుంది. కదలదనుకున్న పండుగ కూడా మెల్లగా కదులుతున్నదన్నమాట!

పిదప భోగిమంటను గూర్చి అడిగించండి. వెనుకటి ఇండ్లలో పాత చాపలు, బుట్టలు, తాళ్ళు మంటలో వేసేవారు. అవన్నీ చెట్టు నుండి, గడ్డి నుండి వచ్చినవే. ప్లాస్టిక్కు, టైర్లు వచ్చిన తరువాత ఆ మంటే విషపు పొగ అయినది. 2018 భోగినాడు పొగమంచుతో కలిసిన ఆ పొగకు చెన్నైలో విమానాలు సైతం నిలిచిపోయాయి. ఆచారము అదే, వస్తువు మారినది.

చట్టము కూడా పండుగను తాకుతుంది. సుప్రీంకోర్టు 2014 మే 7న జల్లికట్టును నిషేధించినది. 2017 జనవరిలో పెద్ద ఆందోళన తరువాత తమిళనాడు చట్టాన్ని సవరించినది. 2023 మే 18న కోర్టు ఆ సవరణను సమర్థించినది. మన వైపు ఎద్దులను పరుగెత్తించే వేడుక చూచిన పిల్లలకు ఇది దూరపు సంగతి కాదు. పోచంపల్లి ఆదివారపు సంతకు తీసుకొనిపోయి, "ఇంట ఎద్దు లేనివారికి కనుమ ఎట్లు?" అని అడగండి. జవాబు వారినే వెదకనివ్వండి.

ఒక్క హెచ్చరిక. "నాటిదే అసలు పండుగ, నేటిది చెడిపోయినది" అని తీర్పు చెప్పకండి. ఏమి మారినది, ఎందుకు మారినది అన్నంతవరకే పాఠము. పలకపై మూడు గీతలు గీసి "అవ్వ నాడు, అమ్మ నాడు, నేడు" అని వ్రాయించండి. ఇంటికి వెళ్ళి అవ్వను తెలుగులోనే అడిగి నింపుకొని రమ్మనండి.

ఈ మాట ఊరక చెప్పుట లేదు. మన తాతల కాలమున ఈ ఊరు సేలం జిల్లాలోనిది. 1965లో ధర్మపురి జిల్లాకు, 2004లో కృష్ణగిరి జిల్లాకు చేరినది. ఊరు కదలలేదు, పేర్లే మారినవి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టముతో తమిళము ఒకటవ తరగతి నుండి తప్పనిసరి పాఠమై, ఏటా ఒక్కొక్క తరగతికి పెరుగుతూ వచ్చినది. తమిళము మన పిల్లలకు కావలసినదే; నేర్వవలసినదే. అయితే బడిలో తెలుగు గంట తగ్గిన కొద్దీ ఇంటి తెలుగే బిడ్డకు మిగిలే పాఠశాల. గొబ్బెమ్మ, హరిదాసు, కనుమ అన్న మాటలు అవ్వ నోట వినకపోతే, వాటిని పుస్తకములో చదివినా ఆ బిడ్డకు పరాయి మాటలే.

వచ్చే సంక్రాంతికి ముందే ఆ పలకను బిడ్డ చేతికి ఇవ్వండి. అవ్వ ఉండగానే అడిగించండి.