మేనరికం కాపాడిన భాష, మోసిన బరువు

రాజపాళెంలో తెలుగు ఇన్నాళ్లు ఎలా నిలిచింది అని అడిగితే పెద్దవాళ్లు చెప్పేది ఒక్కటే: పిల్లని బయట ఇవ్వలేదు, బయటినుంచి తెచ్చుకోలేదు. విజయనగర, నాయక రాజుల కాలంలో ఆంధ్ర దేశం వదిలి వచ్చిన రాజులు పడమటి కనుమల కింద ఊరు కట్టుకున్నారన్నది మన ఇళ్లలో చెప్పుకునే కథ. చుట్టూ తమిళం. బడి తమిళం, అంగడి తమిళం. వంటింట్లో మాత్రం తెలుగే. ఎందుకంటే కోడలు కూడా తెలుగింటి పిల్లే, చాలాసార్లు మేనమామ కూతురే.

అంటే పెళ్లి కట్టుబాటే భాషకి కాపలా కాసింది. అదే కట్టుబాటు మన ఒంట్లో ఏం చేసిందో ఈసారి చూద్దాం.

ముందు వరసలు. మేనమామ కూతురు మరదలు, చేసుకోవచ్చు. పెదనాన్న కూతురు అక్క, ఆ ఊహే తప్పు. మేము చదివిన కన్నడ బడిలో స్నేహితులకీ సోదరమావ కూతురు పెళ్లి వరసే, తమిళంలోనూ ఆమె మురైప్పెణ్ణే. జీవశాస్త్రం లెక్కలో మాత్రం మరదలూ అక్కా ఒకటే: ఇద్దరితోనూ సుమారు ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి. మేనమామకీ అక్క కూతురికీ అయితే నాలుగో వంతు. రక్తంలో లేని తేడా వరసలో ఉంది. ఈ దక్షిణాది ఆచారం బౌధాయన ధర్మసూత్రానికే తెలుసు. 1955 హిందూ వివాహ చట్టం కూడా దగ్గర రక్తం వద్దంటూనే ఆచారం ఉంటే సరేనంది.

కొన్ని జబ్బుల జన్యువు ఒక పక్కనుంచే వస్తే ఊరుకుంటుంది. తల్లీ తండ్రీ ఇద్దరినుంచీ వస్తేనే బయటపడుతుంది. మా టెస్టింగ్ పనిలో ఇలాంటి బగ్ మామూలే, రెండు కండిషన్లు కలిసేదాకా కనబడదు. దగ్గర పెళ్లిలో ఆ రెండూ కలిసే అవకాశం ఎక్కువ. పుట్టుకతో వచ్చే లోపాలు మామూలుగా నూటికి రెండు మూడు ఉంటే, మేనరికంలో ఇంకో రెండు మూడు పెరుగుతాయని డాక్టర్ల అంచనా.

మన ఊరి కుక్కనే చూడండి. 2005లో తపాలా బిళ్ల మీదకెక్కిన ఘనత దానిది. తెల్ల ఒళ్లు, గులాబి ముక్కు గొప్పని అలాంటివాటినే జతకట్టిస్తూ వచ్చారు. తెలుపుతో పాటు చెవుడూ వచ్చింది, ఎందుకంటే రంగునిచ్చే కణాలు లోపలి చెవికీ కావాలి. నీలికళ్ల పిల్లులకి చెవుడుంటుందని డార్విన్ 1859లోనే రాశాడు. ఆయన 1839లో చేసుకున్న ఎమ్మా స్వయానా మేనమామ కూతురు! పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నప్పుడే పోయారు. ఇలాంటి పెళ్లిళ్ల గురించి 1871 జనాభా లెక్కల్లో అడగాలని ఆయన కోరితే బ్రిటిష్ పార్లమెంటు ఒప్పుకోలేదు.

అయితే కథ ఒకవైపే లేదు. వేలూరు పరిశోధకులు రావు, ఇన్బరాజ్ 1977లో తమిళనాడు కుటుంబాల లెక్కలు ప్రకటించినప్పుడు, మేనరికం ఇళ్లకీ మిగతా ఇళ్లకీ ఊహించినంత తేడా కనబడలేదు. తరతరాల దగ్గర పెళ్లిళ్లలో చెడు జన్యువులు కొంత రాలిపోయి ఉంటాయని ఒక వివరణ. రాలిపోవడం అంటే ఏమిటి? పుట్టి దక్కని బిడ్డలే కదా. ఆ ఖర్చు భరించింది తల్లులు.

మేనరికం మానితే అంతా తీరిపోదు కూడా. కులం లోపలే తిరిగినా పాత జన్యువులు మిగులుతాయి. ఆర్య వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌లో ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందు త్వరగా దిగదు, చాలాసేపు సొంతంగా ఊపిరి తీసుకోలేరు. తెలిసిన మత్తు డాక్టరు ముందే జాగ్రత్త పడతాడు.

వెనకటికి బిడ్డకి చెవుడుంటే కోడలి పాదం అన్నారు. అలాంటి చెవుడుకి జన్యువు చెరిసగం అత్తింటినుంచీ వచ్చి ఉంటుంది. మేనరికంలో ఆ రెండిళ్లూ ఒకే ఇల్లు కూడా! కాబట్టి దగ్గర సంబంధం ఖాయం చేసుకునేవాళ్లు ముందు జన్యు సలహా తీసుకోండి, పుట్టిన బిడ్డకి చెవి పరీక్ష చేయించండి.

ఇప్పుడు మన పిల్లలు బయట సంబంధాలు చేసుకుంటున్నారు. ఒంటికి అది మంచిదే. కాని భాషకి ఇన్నాళ్లు కాపలా కాసిన కట్టుబాటు పోతోంది. ఇకమీద తెలుగు ఇంటికి వచ్చిన కోడలి వల్ల నిలవదు, ఇంట్లో అందరం పిల్లలతో మాట్లాడితేనే నిలుస్తుంది.