పొదుపు ముందు, అప్పు తర్వాత



ఈ ఏటి లెక్కలు వెనక పేజీల్లో ఉన్నాయి. ఆ లెక్కలు ఎలా మొదలయ్యాయో కూడా ఒకసారి చెప్పుకుందాం.

బ్యాంకు గడప తొక్కకముందే మన ఇళ్లల్లో పొదుపు ఉంది. ధాన్యం పురిలో పోసే ముందే విత్తనాలు వేరే తీసి పెట్టేవారు. ఎంత ఇబ్బందొచ్చినా వాటి జోలికి పోయేవారు కాదు. తిండైనా, పండగైనా ఆ తర్వాతే. ఏది ముందో ఇంటిల్లిపాదికీ తెలుసు.

1982-83లో డ్వాక్రా మొదలైనప్పుడు మన రాష్ట్రంలో తొలుత ఎంచుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పొదుపు ఊరూరా ఉద్యమమైంది మాత్రం నెల్లూరు జిల్లా ఆడవాళ్ల వల్ల. 1992లో దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. ఇంట్లో ఏముండాలో, ఏముండకూడదో ముందు తేల్చుకున్నారు. రూపాయి ఆ తర్వాత వచ్చింది.

2000లో వెలుగు మొదటి విడతకు తీసుకున్న ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. సంఘాలు కలిసి గ్రామ సంఘాలు, అవి కలిసి మండల సమాఖ్యలు అయ్యాయి.

అప్పు సులువుగా దొరికేసరికి కష్టమూ వచ్చింది. సూక్ష్మరుణ కంపెనీల వారం కిస్తీ కట్టడానికి ఇంకోచోట అప్పు, దాన్ని తీర్చడానికి మరొకటి. రాష్ట్రంలో కొందరు ప్రాణాలే తీసుకున్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, కిస్తీ నెలకే కట్టాలని, వడ్డీ అసలును మించకూడదని కట్టడి చేసింది. చట్టం గుమ్మం దగ్గరి మనిషిని ఆపగలదు. మన ఇంటికి ఎంత అప్పు చాలో మాత్రం చెప్పలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. చెట్టు పడిపోయినా కిస్తీ ఆగదు. నాలుగు నెలల తిండికి సరిపడా దాచుకున్న ఇంట్లో ఉండే ధైర్యం, తోటను నమ్మి అప్పు చేసిన ఇంట్లో ఉండదు.

పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి చుట్టాలొస్తారు. ఆ ఖర్చు తప్పని మేమనం. ఏటా వచ్చే పండగే కదా, నెలనెలా కొంత పక్కన పెట్టుకుంటే అప్పుతో పని లేదు. పిల్ల చదువు, ఇంటి కప్పు, మందుల ఖర్చు, వీటిలో మీకేది ముందో మీరే తేల్చుకోవాలి. పక్కింటి వాళ్లను చూసి కాదు.

ఇప్పుడు సెల్లులోనే అప్పిస్తున్నారు. అందుకే ఈ ఏడాది నుంచి రుణ ప్రణాళిక రాసేటప్పుడు ప్రతి సంఘంలోనూ మూడు మాటలు అడుగుదాం. ఈ అప్పు దేనికి? రాబడి లేని నెలలో కిస్తీ ఎలా కడతావు? ఇంట్లో వాళ్లకి తెలుసా? మూడింటికీ జవాబు దొరికాకే తీర్మానం రాద్దాం. దొరక్కపోతే వచ్చే సమావేశం దాకా ఆగుదాం.