కొండ అడవుల లెక్క: విమానం ఫోటోలు చెప్పిన సాక్ష్యం



నేను ఒక ఏజెన్సీ ప్రాంతపు అటవీ కార్యాలయంలో గుమాస్తాగా చేరిన కొత్తలో, ఇనుప బీరువాలో తాళం వేసిన ఫోటోల కట్ట ఒకటి ఉండేది. అవి విమానం నుండి తీసినవి. రక్షణ కారణాల రీత్యా బయట పెట్టరాదు. ఏటా లెక్కపెట్టి రిజిస్టరులో సంతకం చేయించడం నా పని. ఒకనాడు సర్వే పని మీద వచ్చిన పెద్దాయన ఒకరు "చూస్తావా బాబూ?" అని రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి, వాటిపై స్టీరియోస్కోపు అనే కాళ్ళున్న అద్దాల పరికరం ఉంచారు. కళ్ళు ఆనించగానే చదును కాగితంలోంచి కొండ పైకి లేచింది!

ఇందులో మాయ ఏమీ లేదు. విమానం పోతూ తీసే ప్రతి ఫోటోలోనూ వెనుకటి ఫోటోలోని భాగం సుమారు 60 శాతం మళ్ళీ పడుతుంది. ఒక్కో కన్ను ఒక్కో ఫోటోను చూస్తే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. చెట్ల తలల గుబురును బట్టి దట్టమైన అడవి ఏదో, పలచనిది ఏదో, పొద ఏదో పోల్చుకోవచ్చు. కొండల్లో మాత్రం జాగ్రత్త కావాలి. శిఖరం కెమెరాకు దగ్గర గనుక పెద్దదిగాను, లోయ చిన్నదిగాను పడతాయి. నీడ పడిన వాలులో పలచని అడవి కూడా చిక్కగా కనిపిస్తుంది. ఇవన్నీ సవరించుకున్నాకే విస్తీర్ణం కట్టాలి.

ఈ విద్య మనకు కొత్తది కాదు. బర్మాలో ఐరావతి డెల్టా అడవులను 1924లోనే విమానం నుండి ఫోటో తీశారు. 1965లో భారత ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి సంస్థల సాయంతో అటవీ వనరుల సర్వే మొదలుపెట్టి ఈ ఫోటోలనే వాడింది. అదే 1981లో భారత అటవీ సర్వేక్షణ సంస్థగా మారింది.

అయితే ఈ ఫోటోల అసలు విలువ బయటపడింది నేపాల్ కొండల్లో. 1970లలో ఒక మాట లోకమంతా పాకింది. నేపాల్ కొండ రైతులు వంటచెరకు కోసం, సాగు కోసం అడవులు నరికేస్తున్నారని, అందువల్లే మట్టి కొట్టుకొచ్చి గంగా మైదానంలో, బంగ్లాదేశ్‌లో వరదలు వస్తున్నాయని ఆ మాట. ఎరిక్ ఎక్‌హామ్ 1975లో రాసిన వ్యాసంతో ఇది బలపడింది. 2000 సంవత్సరానికి నేపాల్‌లో మనిషికి అందుబాటులో అడవి మిగలదని 1979లో ప్రపంచ బ్యాంకు అంచనా కట్టింది. ఇక తలసరి వంటచెరకు లెక్కలు చూస్తే, ఒక నివేదికకూ మరో నివేదికకూ 67 రెట్ల దాకా తేడా ఉందని తరువాత పరిశోధకులు తేల్చారు. మన ఆఫీసులో ఇటువంటి స్టేట్‌మెంటు పంపితే మెమో రాక మానేదా!

కెనడా సాయంతో జరిగిన భూవనరుల సర్వే 1978-79 నాటి ఫోటోలతో పటాలు తయారు చేసింది. వాటిని 1964 ప్రాంతపు ఫోటోల లెక్కతో పోల్చి చూశారు. మధ్య కొండల్లో అడవి విస్తీర్ణం రెండు శాతం కూడా తగ్గలేదు! తగ్గింది కింద తరాయి మైదానంలో, దాదాపు నాలుగో వంతు. మలేరియా అదుపులోకి వచ్చాక అక్కడికి వలసలు, రోడ్లు, కలప వ్యాపారం చేరాయి. కొండ రైతులను పూర్తిగా నిర్దోషులని అనలేము. విస్తీర్ణం నిలిచినా అడవి చాలాచోట్ల పలచబడింది. కానీ కొండల్లో అడవి పోయినది నిన్న మొన్న కాదు. పన్ను రాబడి కోసం అడవిని సాగులోకి తెమ్మని పాత కాలపు ప్రభుత్వాలే ప్రోత్సహించాయని చరిత్ర శోధించినవారు చూపారు. ఈ సంగతులన్నీ ఐవ్స్, మెస్సర్లీ అనే పండితులు 1989లో ఒక గ్రంథంలో కూర్చారు.

తరువాత నేపాల్ 1993 చట్టంతో అడవుల నిర్వహణను గ్రామస్తుల సంఘాలకు అప్పగించింది. దోషులన్నవారే కాపలాదారులయ్యారు. పొదలతో కలిపి అడవి 1978-79లో సుమారు 43 శాతం, 1994లో 39.6 శాతం, 2015లో ప్రకటించిన లెక్కలో 44.74 శాతం. కొలిచే పద్ధతులు మారినందున పోలికలో జాగ్రత్త అవసరమే గాని, 2000కి అందుబాటు అడవి మిగలదన్న జోస్యం మాత్రం తప్పింది.

పద్ధతి ఎంత ముఖ్యమో మన హైదరాబాదు ఉదాహరణే చెబుతుంది. ఇక్కడి రిమోట్ సెన్సింగ్ సంస్థ ఉపగ్రహ చిత్రాలతో 1980-82కు దేశంలో అడవి 14.10 శాతమని లెక్క కట్టగా, దాదాపు అదే కాలపు చిత్రాలతో అటవీ సర్వేక్షణ సంస్థ 1987లో 19.49 శాతమన్నది. చూసే తీరు, అడవి అంటే ఏమిటన్న నిర్వచనం మారితే అంకె మారుతుంది.

ఇప్పుడు నా సంగతి చెప్పుకోవాలి. "గిరిజనుల పోడు వలన అడవి క్షీణించుచున్నది" అన్న వాక్యం ఏటా వార్షిక నివేదికలో నేనే టైపు చేశాను. నిరుటి స్టాకు ఫైలు చూసి ఈ ఏడాది, ఈ ఏడాదిది చూసి వచ్చే ఏడాది. ఆ వాక్యం నిజమో, కొంత నిజమో నాకు నేటికీ తెలియదు. నన్ను బాధించేది అది కాదు. సాక్ష్యం నా వెనుక బీరువాలోనే ఉంది, తాళం చెవి నా దగ్గరే ఉంది. ఒక్కసారైనా తీసి పోల్చి చూద్దామని నాకు తోచలేదు, పై వారెవరూ అడగలేదు. ఆ వాక్యం ఆధారంగా ఎవరి మీద ఏ కేసు నడిచిందో!

ఈనాడు మా మనుమడు సెల్‌ఫోనులోనే కొండలను ఆకాశం నుండి చూపిస్తున్నాడు. సంతోషం. వాడికి నేను చెప్పేది ఒకటే: "ఇవాళ్టి బొమ్మ ఒక్కటే చూసి తీర్పు చెప్పకురా, నాన్నా. పాత బొమ్మ కూడా పక్కన పెట్టి చూడు."