సిక్కోలు వంశవృక్షాలు: గోడమీది ఫొటోలో ఎవరున్నారు?

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో నూరేళ్ల క్రితం జీవించిన సామాన్యుని పేరు నేడు కాగితంపై దొరకడం అంత సులభం కాదు. అతనికి భూమి అయినా ఉండి ఉండాలి, కోర్టు మెట్లయినా ఎక్కి ఉండాలి, లేదా కూలి ఒప్పందంపై సముద్రమైనా దాటి ఉండాలి. ఈ మూడింటికీ నోచుకోని వారే జిల్లాలో అధికం. వారి ఉనికికి సాధారణంగా మిగిలే ఆధారాలు రెండే. ఒకటి ఇంటి పెద్దల జ్ఞాపకం, రెండోది చావడి గోడకు వేలాడే పాత ఛాయాచిత్రం. మొదటిది మనిషితో పాటే పోతుంది. రెండోది చెదకు, చెమ్మకు చిక్కుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీదుగా సాగినప్పుడు ఇంటి పైకప్పులతో పాటు గోడమీది పటాలు ఎన్ని పోయి ఉంటాయో లెక్క కట్టినవారు లేరు.

ఇటువంటి వాటిని సేకరించి పదిమందికీ అందుబాటులో ఉంచే బాధ్యతను ఏ ప్రభుత్వ శాఖా ప్రత్యేకంగా స్వీకరించలేదు. ఊరిపై మమకారం గలవారు స్వచ్ఛందంగా పూనుకోవలసిందే. ఇందుకు అమెరికాలో ఒక చక్కని ఒరవడి ఉంది. 1996లో కెంటకీ రాష్ట్రంలో కొందరు ఔత్సాహికులు ఒక్కో కౌంటీకి ఒక్కో స్వచ్ఛంద సేవకుడిని నియమించుకొని సమాధిరాళ్లపై పేర్లు, జనగణన జాబితాలు, పెళ్లి నమోదులు, కుటుంబ ఛాయాచిత్రాలు సేకరించి ఉచితంగా అందించసాగారు. కెంటకీలో కౌంటీలు 120. మన మండలాలతో పోల్చదగిన ఆ చిన్న ప్రాంతాలను పంచుకోవడంతో పని తేలికైంది. అది కొద్దికాలంలోనే దేశమంతటికీ పాకింది. మనకు పేర్లు చెక్కిన సమాధిరాళ్లు తక్కువ. వాటి స్థానంలో వేరే ఆధారాలు ఉన్నాయి.

ఓడ జాబితాల్లో మన పల్లెలు

ఒప్పంద కూలీలుగా విదేశాలకు తరలిన వారి వివరాలు ఆశ్చర్యం గొలిపేంత సమగ్రంగా నిలిచాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ‘ట్రూరో’ ఓడ 342 మంది భారతీయులతో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేరింది. 1911 వరకు నేటాల్‌కు వెళ్లిన ఒప్పంద కూలీలు మొత్తం 1,52,184 మంది. వీరిలో అధికభాగం మద్రాసు రేవు నుంచే ఓడ ఎక్కారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారు వీరిలో గణనీయంగా ఉన్నారు. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, చివరకు ఒంటిపై పుట్టుమచ్చలు సైతం నమోదయ్యాయి. మారిషస్‌లోనైతే 1860ల నుంచి కూలీల ఛాయాచిత్రాలు కూడా తీశారు. అవి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఫిజీకి 1903 నుంచి మద్రాసు మీదుగా వెళ్లిన వారి పాస్‌లదీ ఇదే తీరు. పారిపోతే పట్టుకోవడానికి, ఒప్పందం గడువు లెక్క కట్టడానికి యజమానులకు అవసరమైన ఈ వివరాలే నేడు మునిమనవళ్లకు పెన్నిధి కావడం విచిత్రమే.

అయితే ఆ పాస్‌లో ఇంటిపేరుకు గడి లేదు. తెలుగువారి వంశానికి ఇంటిపేరే పట్టుగొమ్మ కాగా, గుమాస్తా మనిషి పేరు, తండ్రి పేరు మాత్రమే రాసుకున్నాడు. ఫలితంగా తాత పేరో, కులబిరుదో మనవళ్లకు ఇంటిపేరుగా స్థిరపడింది. అప్పలస్వామి అనే తాత పేరు దక్షిణాఫ్రికాలో ఒక కుటుంబానికి ఇంటిపేరుగా మారడం ఇలాగే. అటువంటి వారికి స్వగ్రామం చేరే దారి ఊరి పేరొక్కటే. అదీ ఆంగ్ల గుమాస్తా చెవికి వినిపించిన రీతిలో రాసినది. అక్షరాలు కలగాపులగమైన ఆ పేరు ఏ పల్లెదో విదేశీ గ్రంథాలయాల్లో కూర్చుని పోల్చుకోవడం దుర్లభం. పక్క ఊళ్ల పేర్లు, శివారు పేటల పేర్లు నోటికి వచ్చిన స్థానికుడు ఇట్టే చెప్పగలడు. ఈ జిల్లాలో స్వచ్ఛంద సేవకుల అవసరం మొట్టమొదట ఇక్కడే.

రంగం వెళ్లినవారి మాటేమిటి?

నేటాల్, మారిషస్‌ల కంటే మన తీరానికి చేరువైనది బర్మా. రంగూన్‌ను పెద్దలు ‘రంగం’ అనేవారు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి ఏటా వేలాది మంది అక్కడి బియ్యం మిల్లులకు, రేవు పనులకు వెళ్లి వచ్చేవారు. కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువారందరికీ ‘కొరంగీలు’ అనే పేరు పడింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో చెలరేగిన అల్లర్లలో దెబ్బతిన్నది ప్రధానంగా ఈ తెలుగు కూలీలే. 1941 డిసెంబరులో జపాన్ బాంబుదాడులు మొదలయ్యాక లక్షలాది భారతీయులు బర్మా విడిచారు. ఓడ దొరకనివారు అడవులు, కొండలు దాటి కాలినడకన బయలుదేరారు. దారిలో మరణించిన వారు అనేకులు.

బర్మా వలస మేస్త్రీల ద్వారా, అడ్వాన్సు సొమ్ముపై సాగింది. నేటాల్, ఫిజీలకు మాదిరిగా దీనికి మనిషి మనిషికీ పాస్ లేదు. దాస్యంలోకి వెళ్లిన వారికి కాగితం దక్కింది, కొంత స్వేచ్ఛగా వెళ్లిన వారికి అదీ లేకపోయింది. రంగం నుంచి తెచ్చిన టేకు పెట్టె, అక్కడి స్టూడియోలో తీయించుకున్న ఫొటో, ఇంట్లో చెప్పుకొనే కథ... ఇవే ఆ తరానికి మిగిలిన సాక్ష్యాలు. ఉత్తరాంధ్రలో ఏ పని ముందు చేపట్టాలని అడిగితే, రంగం కథలు తండ్రుల నోట విన్నవారు జీవించి ఉండగానే వాటిని రికార్డు చేయడమే అని చెప్పవలసి ఉంటుంది.

జిల్లా మారింది, రికార్డూ మారింది

పూర్వీకుల ఊరు వెతికేవారిని తికమక పెట్టేది జిల్లా పేరు. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలు 1936 వరకు గంజాం జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇవి విశాఖపట్నం జిల్లాకు వచ్చాయి. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న అవతరించింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పాటైంది. 2022 ఏప్రిల్ 4న పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలో, రాజాం విజయనగరం జిల్లాలో చేరాయి. కనుక పాత కాగితంపై ‘గంజాం’ అని ఉంటే ఒడిశా అని భ్రమపడరాదు. శ్రీకాకుళాన్ని ఆంగ్లేయులు ‘చికాకోల్’ అని రాశారు. మనం ‘సిక్కోలు’ అంటున్న మాటకు అది దగ్గరే.

కరణం పెట్టె, సెటిల్మెంటు పుస్తకం

భూమి గలవారి వంశాలకు ఇనాం రిజిస్టర్లు మంచి ఆధారం. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ప్రతి మాన్యం ఎవరు ఇచ్చారో, మొదట పుచ్చుకొన్నదెవరో, అనుభవదారుకు అతడు ఏమవుతాడో విచారించి నమోదు చేసింది. పూజారులు, పండితులు, గ్రామ సేవకుల కుటుంబాలకు రెండు మూడు తరాల పేర్లు ఒకేచోట లభించవచ్చు. రైతుల విషయం వేరు. ఈ ప్రాంతంలో అధికభాగం జమీందారీల కింద ఉండేది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సర్వేలో తయారైన సెటిల్మెంట్ ఫెయిర్ అడంగళ్లలోనే వారిలో అనేకుల పేర్లు ప్రభుత్వ రికార్డులో మొదటిసారి కనిపిస్తాయి. కరణీకాలు 1984లో రద్దయ్యాక కొన్ని లెక్కలు తాలూకా కార్యాలయాలకు చేరగా, కొన్ని కరణాల ఇళ్లలోనే ఉండిపోయాయి. ఆ పెట్టెల్లో ఏముందో చూడకుండా అమ్మివేయవద్దని ఆయా కుటుంబాలవారికి మనవి. రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లోని దస్తావేజులు, ప్రాథమిక పాఠశాలల అడ్మిషన్ రిజిస్టర్లు సైతం అంతే విలువైనవి. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, పాలకొండల్లో పనిచేసిన కెనడియన్ బాప్టిస్టు మిషనరీల కాగితాలు కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులు మాత్రం పాలకులు, దేవాలయాల చుట్టూనే తిరుగుతాయి. వాటిలో సామాన్యుని తాత కోసం వెతికితే నిరాశే.

రాతకు అందనిది నోట నిలిచిన సందర్భాలూ ఉన్నాయి. విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, యాదవులకు మందెచ్చులవారు, రెడ్లకు పిచ్చుకుంట్లవారు కుల పురాణాలను, గోత్రాలను చెబుతూ వచ్చారు. ఏ ఊరు ఎవరి మిరాశీయో వారిలో వారికి కట్టుబాటు ఉండేది. ఆదరణ లేక ఆ విద్య సన్నగిల్లింది. చెప్పగలవారు ఎదురైతే అడ్డుతగలకుండా వారు చెప్పినంతా రికార్డు చేయాలి. సరిచూసుకోవడం తర్వాతి పని.

ఆడపడుచులు ఏమయ్యారు?

మన ఇళ్లలో కనిపించే వంశవృక్షాల్లో కొమ్మలన్నీ మగవారివే. కూతురు పెళ్లై వెళ్లగానే కొమ్మ ఆగిపోతుంది. కోడలి పేరు రాసినా పుట్టింటి ఇంటిపేరు రాయరు. మేనరికాలు సాధారణమైన ప్రాంతంలో ఇది పెద్ద లోపం. ఒకే మనిషి వృక్షంలో రెండుచోట్ల రావలసి ఉంటుంది, రెండు ఇంటిపేర్ల మధ్య మూడు తరాల ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటాయి. ప్రతి స్త్రీకీ పుట్టినిల్లు, మెట్టినిల్లు రెండూ రాయాలి. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే ఇంట్లో ముగ్గురు అప్పన్నలు ఉండవచ్చు. సింహాచలం అనే పేరు ఆడవారికీ ఉంటుంది, మగవారికీ ఉంటుంది. ఇక ఈ వివరాలన్నీ ఎవరిని అడగాలంటే, ఇంట్లో అందరికంటే పెద్దావిడను. ఏ పెళ్లిలో ఎవరు అలిగారో సైతం ఆమెకు గుర్తుంటుంది.

ఫొటో వెనుక పేరు

పటం అద్దానికి అంటుకుపోయిన పాత ఫొటోను ఊడదీయరాదు. పైపొర అద్దంతో పాటే ఊడివస్తుంది. వెలుగు ప్రతిఫలించకుండా ఏటవాలుగా దీపం అమర్చి అద్దం పైనుంచే మరో ఫొటో తీయడం క్షేమం. విడిగా ఉన్నవాటిని 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయాలి. వెనుకవైపు తప్పనిసరిగా తీయాలి. స్టూడియో ముద్ర, ఊరు, తేదీ అక్కడే ఉంటాయి. పేర్లు రాయాలంటే మెత్తని పెన్సిల్ వాడాలి. బాల్‌పెన్ ఒత్తిడికి ముందువైపు గీతలు పడతాయి, సిరా ఊరుతుంది. పెళ్లి బృందాల ఫొటోలకు పలుచని కాగితంపై తలల ఆకారాలు గీసి అంకెలు వేసి, విడిగా పేర్లు రాయడం ఉత్తమం. తెలియని ముఖానికి ఊహించి పేరు రాయడం కంటే ఖాళీ వదలడమే మేలు. తప్పు పేరు ఒకసారి పాకితే దిద్దడం కష్టం. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని నమ్మిన తరంలో కొందరికి మరణానంతరం కుర్చీలో కూర్చోబెట్టి తీసిన చిత్రమే ఏకైక చిత్రం. వాటిని బహిరంగంగా పంచేముందు కుటుంబం అనుమతి తీసుకోవాలి.

వంశవృక్షం అడగగానే కొన్ని ఇళ్లలో తలుపు మూసుకుంటుంది. కారణం భూమి. పట్టా మార్పిడికి, వారసత్వ తగాదాలకు వంశవృక్షమే ఆధారం కనుక, దత్తత వెళ్లినవాడి పేరో, రెండో భార్య సంతానం పేరో బయట పడితే కోర్టుకు దారితీస్తుందన్న భయం నిరాధారం కాదు. అందుచేత జీవించి ఉన్నవారి వివరాలు బయట పెట్టకుండా, మరణించిన వారి పేర్లతోనే వృక్షాన్ని పంచుకోవడం మంచి పద్ధతి. సర్వే నంబర్లు, ఆస్తి వివరాలు అందులో చేర్చనక్కర్లేదు. అసలు ఫొటో ఇంటివారి వద్దే ఉండాలి, సేకర్త నకలు మాత్రమే తీసుకోవాలి. స్కాన్ చేసిన ప్రతిని అదేరోజు ఇంటివారికీ ఇచ్చి రావాలి.