ఇరవయ్యేళ్ళు నిలిచే కెచప్

మూత తీసిన సీసా ఎన్నాళ్ళు తినొచ్చు? అందరూ లేబుల్ మీది తారీఖు చూస్తారు. నేనైతే కాస్త చరిత్ర కూడా చూడమంటాను. సమోసాలో నంజుకునే కెచప్‌నే తీసుకోండి.

దీని మూలం టమాటా కాదు, చేప! దక్షిణ చైనాలో హొక్కియన్ మాట్లాడేవాళ్ళు ఉప్పులో పులియబెట్టిన చేపల రసం పేరే ఇలా మారిందని ఎక్కువమంది పరిశోధకుల మాట. 1747లో హన్నా గ్లాస్ అనే ఇంగ్లీషావిడ తన వంటల పుస్తకంలో ఓడ కెప్టెన్ల కోసం ఇరవయ్యేళ్ళు నిలిచే కెచప్ గురించి రాసింది. అందులోనూ టమాటా లేదు. పాత బీరు, ఉప్పులో ఊరిన చిన్న చేపలు, పుట్టగొడుగులు, మసాలా దినుసులు, అంతే.

1812లో ఫిలడెల్ఫియాకి చెందిన జేమ్స్ మీజ్ టమాటా కెచప్ తయారీని అచ్చేశాడు. పోనుపోను టమాటాదే రాజ్యమైంది. పులియబెట్టడం పోయింది, నీళ్ళు మిగిలాయి. మూత తీస్తే చాలు, పాడయ్యేది. దానికి అమెరికా ఫ్యాక్టరీలు కనిపెట్టిన మందు సోడియం బెంజోయేట్. అది లేకుండా కుదరదని వాళ్ళ వాదన. ప్రభుత్వ రసాయన శాస్త్రవేత్త హార్వే వైలీ ఒప్పుకోలేదు. 1906లో ఆహార చట్టం వచ్చింది. హైన్జ్ కంపెనీ వైలీ పక్షాన నిలిచి, బాగా పండిన టమాటాలు, ఎక్కువ వెనిగర్, ఎక్కువ పంచదారతో బెంజోయేట్ లేకుండానే చేసి చూపించింది. అంటే, ఉప్పు చేసిన పనిని పులుపూ తీపీ చేశాయన్నమాట!

నాకు అర్థమైంది ఇదీ: సీసాని కాపాడేది తారీఖు కాదు, లోపలి ఉప్పు, పులుపు. ఆమ్లత్వం కొలిచే పీహెచ్ 4.6 లేదా అంతకన్నా తక్కువుంటే ప్రాణాంతకమైన బొటులిజం క్రిమి పెరగలేదు. కెచప్‌ది సుమారు 3.9. అమెరికా వ్యవసాయ శాఖ మూత తీశాక ఫ్రిజ్‌లో ఆరు నెలలు అంటుంది, అదీ ముఖ్యంగా రుచి కోసమే.

కానీ ఇప్పుడు "ఉప్పు తక్కువ, చక్కెర తక్కువ" అని అమ్ముతున్నారు చూడండి, అక్కడ కాపలావాడిని సగం జీతానికి పెట్టుకున్నట్టే. వాటిని ఆవకాయలా గట్టు మీద వదిలేయకండి, ఫ్రిజ్‌లో పెట్టండి. తడి చెంచా ముంచకండి. ఇంకోమాట, పైన బూజు కనిపిస్తే గీకేసి తినడం మన ఇళ్ళల్లో అలవాటే కదా? బూజు ఆ పులుపునే తినేస్తుంది, కాపలా పోతుంది. పొదుపు మంచిదే కానీ, అలాంటి సీసా మాత్రం పారేయండి.