ఐబోగైన్‌తో నొప్పి మాత్రల వ్యసనం మానొచ్చా? మా ఇంట్లో చూసింది

వ్యసన చికిత్స కోసం ఐబోగైన్ మీద క్లినికల్ ట్రయల్స్‌కు టెక్సాస్ ప్రభుత్వం 2025లో 5 కోట్ల డాలర్లు కేటాయించింది. అప్పటి నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో "ఒక్క డోసుతో డ్రగ్స్ మానేస్తారట" అనే ఫార్వర్డ్‌లు ఎక్కువయ్యాయి. మా బావమరిది ఈ చికిత్స తీసుకున్నాడు. నేను ఫార్మసిస్టుని, అతనితో పాటు మెక్సికో వెళ్ళాను. కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఐబోగా మధ్య ఆఫ్రికాలో, ముఖ్యంగా గాబన్‌లో పెరిగే పొద. అక్కడి బ్విటి సంప్రదాయంలో దీక్ష ఇచ్చేటప్పుడు దాని వేరు బెరడు తినిపిస్తారు. ఆ బెరడులో ఉండే పదార్థమే ఐబోగైన్. 1962లో న్యూయార్క్‌లో హెరాయిన్‌కు అలవాటుపడ్డ హోవార్డ్ లాట్సాఫ్ అనే కుర్రాడు దీన్ని మత్తు కోసమే మింగాడు. తర్వాత హెరాయిన్ తీసుకోకపోయినా ఒంటినొప్పులు, వణుకు రాలేదని గమనించాడు. 1985లో పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలో మాత్రం ఇది హెరాయిన్‌తో పాటు షెడ్యూల్ 1 జాబితాలోనే ఉంది. అందుకే జనం సరిహద్దు దాటి టిజువానా వైపు వెళ్తుంటారు.

మావాడికి నడుము ఆపరేషన్ తర్వాత రాసిన హైడ్రోకోడోన్‌తో మొదలైంది. రెండేళ్ళలో ఉద్యోగం ఊడే దాకా వచ్చింది. గుంటూరులో ఉన్న మా అత్తగారికి "వాడికి కాస్త బీపీ" అని చెబుతూ వచ్చాం. తాగుడంటే మన ఇళ్ళలో తిట్టయినా తిడతారు, మాత్రలంటే ఎవరికీ నోరు పెగలదు.

మొదట మాట్లాడిన క్లినిక్ ఈసీజీ ఊసే ఎత్తలేదు. అడ్వాన్సు ఎప్పుడు పంపుతారని మాత్రం మూడుసార్లు ఫోన్ చేసింది. దాన్ని వదిలేశాం. ఎందుకంటే ఈ మందుతో అసలు భయం గుండెకే. ఇది ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని పొడిగిస్తుంది, దాంతో గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. 1990 నుంచి 2008 వరకు పశ్చిమ, మధ్య ఆఫ్రికా బయట ఐబోగైన్ తీసుకున్నాక చనిపోయిన 19 మంది వివరాలు 2012లో ఒక వైద్య పత్రికలో వచ్చాయి. వాళ్ళలో చాలామందికి ముందే గుండె జబ్బో, ఒంట్లో వేరే మత్తుమందో ఉంది. మెథడోన్ కూడా క్యూటీని పెంచేదే, రెండూ కలిస్తే మరీ ప్రమాదం.

రెండో క్లినిక్‌లో ఈసీజీ, పొటాషియం, మెగ్నీషియం, లివర్ పరీక్షలు చూశాకే ఒప్పుకున్నారు. రాత్రంతా మానిటర్ పెట్టి డాక్టర్ పక్కనే ఉన్నారు. డోసు వేసిన గంటకు వాంతులు మొదలయ్యాయి. లేచి నిలబడలేకపోయాడు. కళ్ళు మూసుకుంటే దృశ్యాలు, తెరిస్తే పోయేవట. "నాన్న మిర్చి యార్డులో బస్తాల మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు బావా, ఏమీ అనలేదు" అని మర్నాడు చెప్పాడు. మా మామగారు పోయి ఆరేళ్ళయింది. ఒకటిన్నర రోజు మంచం దిగలేదు, వారం పాటు సరిగ్గా నిద్రలేదు. కానీ విత్‌డ్రాయల్ దాదాపు రాలేదు. ఇంతకుముందు రెండుసార్లు మానబోయినప్పుడు పడ్డ నరకం చూసినవాణ్ణి కాబట్టి ఆ తేడా నాకు తెలుసు.

మూడో నెలలో మాత్రల మీద కోరిక మళ్ళీ వచ్చింది. ఇప్పుడు బుప్రెనార్ఫిన్, వారానికోసారి కౌన్సెలింగ్‌తో నిలబడ్డాడు. ఈ బుప్రెనార్ఫిన్ అమెరికాలోనే దొరుకుతుంది, ఇన్సూరెన్స్ వర్తిస్తుంది, ఎన్నో ఏళ్ళ ఆధారాలున్నాయి. నన్నడిగితే ముందు దీన్నే చూడమంటాను. 2024లో వచ్చిన స్టాన్‌ఫర్డ్ అధ్యయనాన్ని చాలామంది చూపిస్తారు. అది తలకు దెబ్బలు తగిలిన 30 మంది మాజీ సైనికుల మీద, మెగ్నీషియం కూడా ఇస్తూ చేసింది. ఫలితాలు బాగున్నాయి. కానీ అది వ్యసనం మీద చేసింది కాదు, పోల్చడానికి ప్లాసిబో గుంపు కూడా లేదు.

తాగుడు విషయంలో సైలోసిబిన్ పుట్టగొడుగుల మందుకు ఆధారాలు కాస్త గట్టివి. 2022లో న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధనలో అది తీసుకున్నవాళ్ళు ఎక్కువగా తాగిన రోజులు 9.7 శాతం, ప్లాసిబో వాళ్ళవి 23.6 శాతం. ఇద్దరికీ కౌన్సెలింగ్ ఇచ్చారు. ఒరెగన్‌లో 2023 నుంచి లైసెన్సు ఉన్న కేంద్రాలున్నాయి.

అయితే హెచ్1బీ, గ్రీన్ కార్డు వాళ్ళు ఒకటి గమనించాలి. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం ప్రకారం అది నేరమే. శిక్ష పడకపోయినా, వాడానని ఇమ్మిగ్రేషన్ అధికారి ముందు ఒప్పుకుంటే చిక్కే. మావాడు సిటిజన్ కాబట్టి మాకు ఆ బెడద లేదు. మీకుంటే ముందే లాయర్‌ని కలవండి.

ఇంకో సంగతి, ఎలా మానినా మానాక ఒంటికి పాత డోసు తట్టుకునే శక్తి ఉండదు. మళ్ళీ అంతే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. నాలొక్సోన్ స్ప్రే 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే అమ్ముతున్నారు. మా వంటింటి డ్రాయర్‌లో రెండున్నాయి, ఎలా వాడాలో మా ఆవిడకూ పిల్లలకూ నేర్పాను.