ఐదో కాంటూరు

2006 ఏప్రిల్. కైకలూరు దాటాక పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది. గాలి నిండా నానిన తవుడు వాసన, చేపల నీచు. ముందు పోలీసు జీపులు. వెనక పోక్లెయిన్లు. లంక గ్రామాల జనం రోడ్డు పక్కకి చేరారు. ఇనప తొండం గాల్లోకి లేచింది. చేపల చెరువు గట్టు మీద పడింది.

గట్టు చెక్కుచెదరలేదు.

మేత లారీలు తిరిగి తిరిగి బిగుసుకుపోయిన మట్టి అది. మళ్లీ పొడిచారు. పెళ్ల విరిగింది, సన్నటి ధార చిమ్మింది, చూస్తుండగానే అది వెడల్పై, గట్టును రెండు పక్కలా కోసుకుంటూ, బురదనీ గడ్డినీ బొచ్చె చేపల్నీ కలిపి ఈడ్చుకుంటూ కొల్లేరు సరస్సులోకి దూకింది. యంత్రాలకి లొంగని గట్లకి పేలుడు మందు పెట్టారు. ఇంత దండయాత్ర దేనికి?

1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సార్‌లో దేశాలు కూర్చుని చిత్తడి నేలల్ని కాపాడుకుందామని ఒప్పందం రాసుకున్నాయి. 1982లో భారత్ చేరింది. 2002 ఆగస్టులో కొల్లేరు ఆ ఒప్పందం జాబితాకెక్కింది. అంతకుముందే, 1999లో, ఐదో కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తు చూపే గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వరద దిగేది ఇక్కడికే. సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరు. గూడబాతులు గుడ్లు పెట్టేదీ ఇక్కడే. కాగితం గట్టిదే. గట్లు అంతకంటే గట్టివి.

వాటికి తొలి పార వేసింది ఎవరు? 1976లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టి చేపలు పట్టే వడ్డి కులస్తులకి చెరువులిచ్చింది. తర్వాత లీజులొచ్చాయి. బయటి డబ్బు దిగింది. అడిగేవాళ్లు లేకపోయారు. చివరికి సుప్రీంకోర్టు గద్దించాక కదిలింది ఈ ‘ఆపరేషన్ కొల్లేరు’. గట్లు కూలాయి. మరి చెరువు కూలీ ఇంట్లో పొయ్యి?

దానికి సరైన జవాబు రాలేదు. గట్లు మాత్రం మళ్లీ లేచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీళ్లు దిగాల్సింది కొల్లేరులోకే. 2025 జనవరిలో సుప్రీంకోర్టు గడువు పెట్టి మరీ హద్దులు తేల్చమంది. అభయారణ్యం ప్రకటించి అప్పటికి పాతికేళ్లు.

జాబితాలో పేరున్నంత మాత్రాన సరస్సు బతకదు. హద్దు నిలిస్తేనే బతుకుతుంది. కైకలూరైనా, మరే ఊరైనా లెక్క ఒకటే. మీ ఊరి చెరువు హద్దురాయి ఎక్కడుందో చూసుకోండి. అది పక్కకి జరిగితే ముందు అడగాల్సింది మీరే.